మంగళగిరి చీరలకు ఆన్‌లైన్ షాపు: షాపిఫైయా, వూకామర్సా, సొంతంగా రాయించుకోవాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మంగళగిరిలో అమ్మ, పిన్ని కలిసి చేనేత చీరలు అమ్ముతున్నారు. వాట్సాప్ గ్రూపులు, ఇన్‌స్టాగ్రామ్ కలిపి నెలకు రెండున్నర లక్షల దాకా అవుతోంది, ఇక వెబ్‌సైట్ పెడదామనుకుంటున్నారు. నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం, కోడింగ్ కాస్త వచ్చు. రెండూ ఆన్‌లైన్ షాపు పెట్టుకునే సాఫ్ట్‌వేర్లే, షాపిఫై నెల అద్దెకి దొరికేది, వూకామర్స్ మన సైట్‌లో వేసుకుని మనమే నడుపుకునేది. షాపిఫైయా వూకామర్సా తేల్చుకోలేకపోతున్నావు, ఈలోగా బెజవాడలో ఒకాయన లక్షన్నర ఇస్తే మొత్తం సొంతంగా రాసి ఇస్తానన్నాడు. అంతే కదా.

నా సంగతి కూడా చెప్తాను, లేకపోతే నా మాట ఎందుకు వినాలో నీకు తెలియదు. గుంటూరు బ్రాడీపేటలో మాది పచ్చళ్ళు, కారప్పొడుల వ్యాపారం. 2014లో ఓపెన్‌కార్ట్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాను, 2017లో వూకామర్స్‌కి మారాను, 2021 నుంచి షాపిఫైలో ఉన్నాను. మధ్యలో తెలిసినవాళ్ళకి ఓ పదిహేను షాపులు దగ్గరుండి పెట్టించాను. అందులో నాలుగైదు మూతపడ్డాయి, కానీ సాఫ్ట్‌వేర్ బాగోలేక మూతపడింది ఒక్కటీ లేదు. ఎక్కించే ఓపిక లేక, రిటన్లు తట్టుకోలేక, పెట్టిచ్చిన కుర్రాడు ఫోన్ ఎత్తక మూతపడ్డాయి.

నువ్వు రాసిన పోలికలు చూస్తే స్పీడు, డేటాబేస్, థీమ్‌లు (సైట్ రూపురేఖలు), కోడ్ మార్చుకునే వీలు, అన్నీ నీకేది బాగుంటుందనే ఉన్నాయి. కానీ రోజూ దాన్ని వాడేది నువ్వు కాదు కదా, మీ అమ్మ, మీ పిన్ని. పొద్దున మగ్గం దగ్గర్నుంచి చీర వస్తే ఫోటో తీసి, ధర వేసి ఎక్కించాల్సింది వాళ్ళు. సాయంత్రం ఎవరో ఫోన్ చేసి 'డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ రాలేదు' అంటే సమాధానం చెప్పాల్సింది వాళ్ళు. నువ్వు అప్పుడు మీటింగ్‌లో ఉంటావు. కాబట్టి కోడింగ్ వచ్చన్నది ఇక్కడ పెద్ద ప్లస్ పాయింట్ ఏమీ కాదు, ఒక్కోసారి మైనస్ కూడా.

చీరలకీ పచ్చళ్ళకీ ఒక పెద్ద తేడా ఉంది. నేను ఆవకాయ ఒకసారి ఎక్కిస్తే ఏడాదంతా అదే పేజీ, అదే ఫోటో, స్టాకు అంకె మార్చుకుంటే చాలు. మీకలా కాదు. చేనేతలో ఒక రంగు, ఒక అంచు ఒకటో రెండో పీసులు ఉంటాయి. నిజాం బోర్డర్ చీర ముదురాకుపచ్చది అమ్ముడైతే ఆ పేజీ పని అయిపోయినట్టే, దాని బదులు ఇంకోటి ఎక్కించాలి. నెలకు 140 చీరలు అమ్మాలంటే 140 కాకపోయినా కనీసం వంద సార్లు ఎవరో ఒకరు ఫోటోలు, రంగు పేరు, బ్లౌజ్ ఉందా లేదా, పొడవెంత అని కొట్టాలి. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని కాదిది, ఫోన్‌లో, అదీ ఒక చేత్తో అయిపోవాలి. షాపిఫై ఫోన్ యాప్‌లో ఇది తేలిగ్గా అవుతుంది. వూకామర్స్‌కీ యాప్ ఉంది, పని జరుగుతుంది, కానీ నేను పెట్టించిన షాపుల్లో ఆడవాళ్ళు సొంతంగా ఎక్కించుకుంటున్నవి చాలావరకు షాపిఫైవే. వూకామర్స్ వాడేవాళ్ళు ఫోటోలు వాట్సాప్‌లో ఎవరికో పంపి 'ఇవి పెట్టండి బాబూ' అంటున్నారు, అవి రెండు రోజులకు ఎక్కుతున్నాయి, ఈలోగా చీర గ్రూపులో అమ్ముడైపోతోంది.

అందుకని ముందు ఒక పని చెయ్యి. ఈ శనివారం ఇంటికెళ్ళినప్పుడు షాపిఫై ట్రయల్ ఒకటి తెరువు, వూకామర్స్ ఒకటి ఏదో చవక హోస్టింగ్ (సైట్ ఉంచే అద్దె సర్వర్) మీద వేసి ఉంచు, రెండు యాప్‌లూ అమ్మ ఫోన్‌లో పెట్టి, పది చీరలు ఇచ్చి, నువ్వు నోరు మూసుకుని పక్కన కూర్చో. ఎక్కడ ఆగిపోతోంది, ఎక్కడ నిన్ను పిలుస్తోంది, చూసి రాసుకో. నీ పోలికల పట్టిక కంటే ఆ అరగంట ఎక్కువ చెబుతుంది.

ఆ లక్షన్నర సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలికైనది. వద్దు. ఆయన మోసగాడని కాదు, మంచివాడే కావచ్చు. కానీ సొంతంగా రాయించిన సైట్‌లో ప్రతి చిన్న మార్పుకీ మళ్ళీ ఆయనే కావాలి. ఒక ఉదాహరణ చెప్తాను. 2022 అక్టోబరు 1 నుంచి కార్డు నంబర్లు వ్యాపారులు దాచుకోకూడదని, టోకెన్ (అసలు నంబరు బదులు వాడే కోడ్) పద్ధతిలోకి మారాలని రిజర్వ్ బ్యాంకు నియమం అమలైంది. కస్టమర్లు ఆన్‌లైన్‌లో కట్టే డబ్బు మనకి చేర్చే సర్వీసుని గేట్‌వే అంటారు, దాని రెడీమేడ్ ప్లగిన్లు (సైట్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) వాడుకున్నవాళ్ళకి అప్‌డేట్‌తో సరిపోయింది. సొంత సైట్లో కార్డులు దాచుకునే ఏర్పాటు చేయించుకున్నవాళ్ళు పాత డెవలపర్‌ని వెతుక్కుంటూ తిరిగారు. ఇలాంటివి ఏడాదికొకటి వస్తూనే ఉంటాయి. నెలకు రెండున్నర లక్షల అమ్మకం మీద ఒక ప్రోగ్రామర్‌ని పోషించలేం.

ఇంకో తమాషా ఉంది. 2004 ప్రాంతంలో కెనడాలో మంచు మీద జారే బోర్డులు ఆన్‌లైన్‌లో అమ్ముదామని మొదలుపెట్టిన వాళ్ళు, సరైన సాఫ్ట్‌వేర్ దొరక్క తామే రాసుకున్నారు. 2006లో ఆ సాఫ్ట్‌వేర్‌నే బయటికి వదిలారు, అదే షాపిఫై. బోర్డులు పోయి సాఫ్ట్‌వేర్ మిగిలింది. నువ్వు కూడా శని, ఆదివారాలు కూర్చుని సొంతంగా రాస్తానంటే వద్దనను, కానీ అప్పుడు చీరలు అమ్మేవాళ్ళు ఎవరో చూసుకో.

మజెంటో అనే ఇంకో షాపు సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడిగావు. అది 2008 నుంచి ఉంది, 2018లో అడోబీ కొనుక్కుంది, పెద్ద కంపెనీలకు తగ్గ సరంజామా. నాకు తెలిసిన ఒక హోల్‌సేల్ షాపాయన ఎవరో చెప్పారని దాని పాత వెర్షన్ పెట్టించుకున్నాడు, 2020 జూన్‌లో ఆ వెర్షన్‌కి సపోర్ట్ ఆగిపోయింది, కొత్తదానికి మారాలంటే మొత్తం మళ్ళీ కట్టాలన్నారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు అయింది. నీకు అవసరం లేదు.

ఇక అసలు పోటీ షాపిఫైకీ వూకామర్స్‌కీ. డబ్బు లెక్క వేద్దాం, అందరూ ఇక్కడే పొరబడతారు. వూకామర్స్ ఉచితం అంటారు. నిజమే, వర్డ్‌ప్రెస్ మీద పనిచేసే ఉచిత ప్లగిన్ అది, 2011లో వచ్చింది, 2015 నుంచి వర్డ్‌ప్రెస్‌డాట్‌కామ్ నడిపే ఆటోమాటిక్ కంపెనీ చేతిలో ఉంది. కానీ గుర్రం ఊరికే వచ్చినా దాణా ఊరికే రాదు. నీ అంకెలే తీసుకుందాం. నెలకు రెండున్నర లక్షలు, చీర సగటున 1,800 అనుకుంటే 140 ఆర్డర్లు. అందులో లక్షన్నర ముందే ఆన్‌లైన్‌లో కట్టినవి, మిగతా లక్ష సీఓడీ (చీర అందాక డబ్బు కట్టేది) అనుకుందాం.

పేమెంట్ గేట్‌వే రేజర్‌పే అయినా ఇంకోటయినా మామూలుగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే వందకు 2 రూపాయల 36 పైసలు. లక్షన్నరకు 3,540. ఇది ఎక్కడున్నా తప్పదు. (యూపీఐకి చార్జీ లేదు కదా అంటావు. 2020 జనవరి నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి ఎండీఆర్ (వ్యాపారి దగ్గర తీసుకునే చార్జీ) సున్నా అన్నది నిజమే, కానీ గేట్‌వేలు తమ సర్వీసుకని విడిగా తీసుకుంటాయి. వ్యాపారం కాస్త పెరిగాక మాట్లాడితే తగ్గిస్తారు, సిగ్గుపడకుండా అడుగు.) షాపిఫైలో దీనికి తోడు ఇంకోటుంది. వాళ్ళ సొంత పేమెంట్ సర్వీసు మన దేశంలో లేదు కాబట్టి బయటి గేట్‌వే వాడినందుకు బేసిక్ ప్లాన్‌లో ఇంకో 2 శాతం వాళ్ళు తీసుకుంటారు. లక్షన్నరకు 3,000. సీఓడీ ఆర్డర్ల మీద మాత్రం ఇది ఉండదు, చాలామందికి ఈ సంగతి తెలియదు. ప్లాన్ అద్దె నెలనెలా కడితే సుమారు 2,000, ఏడాదికి ఒకేసారి కడితే తగ్గుతుంది. పిన్‌కోడ్‌ని బట్టి సీఓడీ ఆపడానికో, వాట్సాప్ మెసేజ్‌లకో ఒకటి రెండు యాప్‌లు, ఇంకో 1,500 వేసుకో. మొత్తం 10,000 అటూ ఇటూ.

వూకామర్స్‌లో గేట్‌వే అదే 3,540. కాస్త మంచి హోస్టింగ్ నెలకు 1,000, డొమైన్ (సైట్ పేరు) నెల మీద పడేది వంద. ఇక్కడ ఆగితే 4,640, సగం కంటే తక్కువ, వెంటనే వూకామర్స్ అనేస్తాం. కానీ అప్‌డేట్లు చెయ్యాలి, బ్యాకప్ పనిచేస్తోందో లేదో చూడాలి, ప్లగిన్ కొట్టుకుంటే విడదీయాలి. దీనికి ఒక మనిషికి నెలకు 3,000 ఇవ్వాలి, లేదా నీ ఆదివారాలు ఇవ్వాలి. అంటే 7,640. తేడా రెండువేల నాలుగొందల దాకా. మీ అమ్మ సొంతంగా చీరలు ఎక్కించుకోగలిగితే ఆ రెండువేల నాలుగొందలు నాకు ఖరీదుగా అనిపించదు. అదే అమ్మకం పది లక్షలకు చేరి అందులో ఏడు ఆన్‌లైన్‌లో వస్తుంటే ఆ 2 శాతమే 14,000 అవుతుంది, అప్పుడు లెక్క తిరగబడుతుంది. పై ప్లాన్‌కి మారితే శాతం తగ్గుతుంది, లేదా అప్పటికి ఒక మనిషిని పెట్టుకునే స్థోమత వస్తుంది కాబట్టి వూకామర్స్‌కి పోవచ్చు.

నేను వూకామర్స్ ఎందుకు వదిలానో చెప్పాలి. సాఫ్ట్‌వేర్ మంచిదే, తప్పంతా నాది. 2019 దసరాకి ముందు ఆఫర్ పెట్టాను. ఆ సాయంత్రం ఆర్డర్లు టపటపా వచ్చాయి, మర్నాడు పొద్దున చూస్తే చాలావాటికి 'క్యాన్సిల్డ్' అని ఉంది. ఫోన్లు మొదలు. 'డబ్బులు తీసుకుని క్యాన్సిల్ చేస్తారా' అని ఒకావిడ తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తు. జరిగిందేంటంటే, మనవాళ్ళు యూపీఐలో కట్టేసి, 'సక్సెస్' అని కనబడగానే ఫోన్ పక్కన పడేస్తారు. బ్రౌజర్ మళ్ళీ మన సైట్‌కి తిరిగి రాదు. డబ్బు వచ్చిందని గేట్‌వే మన సైట్‌కి వెనక నుంచి విడిగా కబురు పంపాలి, దాన్నే వెబ్‌హుక్ అంటారు. అది నేను సెట్ చెయ్యలేదు. కబురు రాకపోతే వూకామర్స్ ఆర్డర్‌ని పెండింగ్‌లోనే ఉంచుతుంది, స్టాకు పట్టి ఉంచే గడువు మామూలుగా 60 నిమిషాలు, అది దాటగానే తనంతట తాను రద్దు చేస్తుంది. డబ్బు నా ఖాతాలోకి వస్తోంది, ఆర్డర్ రద్దవుతోంది. ఆ రెండు రోజులు గేట్‌వే లిస్టు ఒక పక్కన, ఆర్డర్ల లిస్టు ఒక పక్కన పెట్టుకుని ఒక్కోటి కలిపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వు వూకామర్స్‌కి వెళ్తే చెయ్యాల్సిన మొదటి పని అదే. మీకు ఇంకా ముఖ్యం, ఎందుకంటే మీ దగ్గర ఒక్కో చీర ఒక్కటే పీసు, రద్దయిన చీర మళ్ళీ అమ్మకానికి వచ్చి ఇంకొకరు కొనేస్తారు. పోయిన వైశాఖంలో ఇలాంటిదే ఒకచోట జరిగి పెళ్ళి చీర ఇద్దరికి అమ్మారు, ఇద్దరూ ఒకే ఊరు, చెప్పక్కర్లేదు.

షాపిఫైలో చిరాకులు లేవని కాదు. నెలనెలా అద్దె ఆపితే షాపు మూత, నీ థీమ్ బయటికి పట్టుకెళ్ళినా ఇంకెక్కడా పనికిరాదు. యాప్‌ల బిల్లు డాలర్లలో వస్తుంది, ప్రతి యాప్ చవకగానే కనిపిస్తుంది, ఐదు చేరాక చూస్తే అసలు కంటే కొసరు ఎక్కువ. చెక్అవుట్ పేజీ (డబ్బు కట్టే పేజీ) చిన్న ప్లాన్‌లో మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోలేం. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది యాప్ తీసేసినా దాని కోడ్ ముక్కలు ఒక్కోసారి థీమ్‌లో మిగిలిపోయి సైట్ బరువెక్కడం. ఇవన్నీ తెలిసి కూడా ఉన్నాను, ఎందుకంటే పండగ రోజు రాత్రి నిద్ర పడుతోంది.

మీషో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ గురించి నువ్వు అడగలేదు కానీ పిన్ని అడుగుతున్నారన్నావు. పెట్టుకోండి, కానీ వేరే షాపు అనుకుని పెట్టుకోండి. చేనేతకారులకి అమెజాన్‌లో కారిగర్ అనీ, ఫ్లిప్‌కార్ట్‌లో సమర్థ్ అనీ ఏర్పాట్లున్నాయి. కొత్త జనం కనబడతారు. కానీ వాళ్ళు వాళ్ళ కస్టమర్లు, మనవాళ్ళు కాదు. ఫోన్ నంబర్ మనకి రాదు, సంక్రాంతికి కొత్త స్టాకు వచ్చిందని మెసేజ్ పెట్టలేం. అక్కడ పక్కనే 'మంగళగిరి' అని పేరు పెట్టి పవర్‌లూమ్ చీర మూడొందలకి ఉంటుంది, చూసేవాళ్ళకి ఫోటోలో తేడా తెలియదు. మన పానకాల స్వామి సగం పానకం తాగి సగం ప్రసాదంగా తిరిగి ఇచ్చేస్తాడు, మార్కెట్‌ప్లేస్‌ల దగ్గర కమీషన్, షిప్పింగ్, రిటన్ చార్జీలు, ప్రకటనల ఖర్చు పోగా ఎంత తిరిగొస్తుందో చీర చీరకీ లెక్క చూసుకోవాలి. ఇంకో చిక్కు, ఒకే చీర వాట్సాప్‌లో, సైట్‌లో, అక్కడా మూడుచోట్ల పెడితే ఒకచోట అమ్ముడవగానే మిగతా రెండుచోట్లా తీసెయ్యాలి. మర్చిపోయి క్యాన్సిల్ చేస్తే అక్కడ రేటింగ్ పడిపోతుంది. అందుకని ఒకే రకం పది పన్నెండు పీసులుండే మామూలు కాటన్ చీరలు, డ్రెస్ మెటీరియల్ అక్కడ పెట్టి, ఒంటి పీసులు సైట్‌లోనే ఉంచండి.

వాట్సాప్ వదలొద్దు, పొరపాటున కూడా. ఇప్పుడు మీకు అమ్మిపెడుతున్నది అదే. చీర ఫోటో కింద సైట్ లింకు పెట్టడం అలవాటు చెయ్యండి, ముందు కట్టినవాళ్ళదే చీర అని గ్రూపులో చెప్పెయ్యండి. 'అక్కా నాకు ఉంచండి' అని ముగ్గురు పెట్టిన మెసేజ్‌ల్లో ఎవరిది ముందో చూసే గొడవ పోతుంది. సైట్ వల్ల మీకు మొదటి ఆర్నెల్లలో వచ్చే అసలు లాభం అదే, గూగుల్ నుంచి జనం వచ్చి పడతారని అనుకోకు, దానికి టైం పడుతుంది.

ఇప్పుడు సీఓడీ, కొరియర్. ప్లాట్‌ఫామ్ గురించి అడిగితే ఇదెందుకంటావా? నీ లెక్కలో 56 సీఓడీ ఆర్డర్లు. అయిదింటికొకటి వెనక్కి వచ్చిందనుకో, 11 పార్సిళ్ళు, రానూపోనూ ఒక్కోదానికి 180 వేసుకున్నా రెండువేలు. షాపిఫైకీ వూకామర్స్‌కీ మధ్య నువ్వు తలబద్దలు కొట్టుకుంటున్న తేడా దాదాపు అంతే. పైగా ఆ చీర పది పదిహేను రోజులు దారిలో ఉంటుంది, మడత నలిగి వస్తుంది. కాబట్టి ఏ ప్లాట్‌ఫామ్ తీసుకున్నా అందులో సీఓడీకి 80, వంద రూపాయలు అదనంగా వేసే వీలు, ముందు కడితే కొంత తగ్గించే వీలు, ఫలానా పిన్‌కోడ్‌లకి సీఓడీ ఆపే వీలు ఉన్నాయో లేదో చూడు. రెండింటిలోనూ ఉన్నాయి, వూకామర్స్‌లో నీకు నువ్వే నాలుగు లైన్లు రాసుకోవచ్చు, షాపిఫైలో యాప్ కావాలి.

బాక్సుల గురించి ఒక్క మాట. కొరియర్ వాళ్ళు మామూలు బరువుతో పాటు పెట్టె కొలతల బరువు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 40, 30, 5 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే 1.2 కిలో అవుతుంది. చీర అసలు బరువు అరకిలో చుట్టుపక్కల. స్లాబ్ అరకిలో లెక్కన పెరుగుతుంది కాబట్టి నువ్వు ఒకటిన్నర కిలోకి కడతావు. చీరని పల్చని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, కొరియర్ బ్యాగులో పెట్టి పంపితే ఆ గొడవ లేదు. అందమైన పెట్టె కావాలని అడిగినవాళ్ళ దగ్గర విడిగా 60 రూపాయలు తీసుకోండి. నేను గాజు సీసాల్లో పచ్చడి పంపిన రోజుల్లో ఈ లెక్క తెలియక ఏడాది పాటు చేతి డబ్బు కట్టాను. పల్లెటూళ్ళకి స్పీడ్ పోస్ట్ ఇప్పటికీ నాకు నమ్మకం, ప్రైవేటు కొరియర్ వెళ్ళని చోటికి కూడా అది వెళ్తుంది.

అమెరికా చుట్టాలు కొంటారని రాశావు. గేట్‌వేలో విదేశీ కార్డులకు విడిగా అనుమతి తీసుకోవాలి, చార్జీ కూడా ఎక్కువ, ముందే అప్లై చెయ్యి. ఇంకోటి, 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి అక్కడ ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. పాత రోజుల్లోలాగా రెండు చీరలు పంపితే ఊరికే చేరిపోతాయని చెప్పకండి, సుంకం ఎవరు కట్టాలో సైట్‌లో రాసి పెట్టండి.

జీఎస్టీ సంగతి. ఏడాదికి 30 లక్షలు, మన రాష్ట్రంలో సరుకుకి పరిమితి 40 లక్షలు కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అనుకుంటున్నావు. ఆ 40 లక్షలు రాష్ట్రం లోపల అమ్మేవాళ్ళకి. నువ్వు హైదరాబాద్‌కి ఒక్క చీర పంపినా ఇప్పుడది వేరే రాష్ట్రమే, మన బుర్రకి ఇంకా అలవాటు కాలేదు గానీ. హస్తకళల జాబితాలో ఉన్న వస్తువులకి కొన్ని షరతులతో మినహాయింపు ఉన్నా అది 20 లక్షల లోపువాళ్ళకి, మీరు దాటేశారు. కాబట్టి వెబ్‌సైట్ కంటే ముందు ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి. మార్కెట్‌ప్లేస్‌లో అమ్మితే వాళ్ళు మనకిచ్చే డబ్బులోంచి టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, 2024 జులై 10 నుంచి అది అర శాతం, రిటర్నుల్లో చూపించి వెనక్కి తీసుకోవాలి. షాపిఫైకీ వూకామర్స్‌కీ ఆ గొడవ లేదు, ఎందుకంటే అది మీ సొంత షాపు కిందే లెక్క.

సైట్ రెడీ అయినా గేట్‌వే వాళ్ళు వెంటనే లైవ్ చెయ్యరు. రిటన్ పాలసీ, షిప్పింగ్ పాలసీ, ప్రైవసీ, నిబంధనలు, చిరునామాతో కాంటాక్ట్ పేజీ, ఇవి ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం కూడా వ్యాపారం పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే వ్యక్తి వివరాలు పెట్టాలి, ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి. వేరే సైట్ నుంచి కాపీ కొట్టకండి, ఒకరి సైట్‌లో రిటన్ పాలసీలో 'చెప్పుల సైజు మార్చుకోవచ్చు' అని చూశాను, వాళ్ళు అమ్మేది పట్టు చీరలు. రంగు ఫోన్ స్క్రీన్‌లో కొంచెం తేడాగా కనబడుతుంది, చేనేతలో అక్కడక్కడా ముడి, దారం మందం సహజం అని తెలుగులో మీ మాటల్లో రాయండి, సగం రిటన్లు అక్కడే ఆగుతాయి.

డొమైన్ మాత్రం ఎవరికీ అప్పజెప్పకు. నా మొదటి సైట్ పేరు, పెట్టిచ్చిన కుర్రాడు తన ఈమెయిల్ మీద కొన్నాడు. రెండేళ్ళకి అతను వేరే ఊరు వెళ్ళాడు, నంబర్ మారింది, రెన్యువల్ తేదీ దాటిపోయింది, నా షాపు పేరుని ఎవరో కొనేసి ప్రకటనల పేజీ పెట్టారు. సీసాల మీద, కారం ప్యాకెట్ల మీద అచ్చేసిన పేరు అది. లేబుళ్ళన్నీ మళ్ళీ వేయించాను. కాబట్టి డొమైన్, హోస్టింగ్ లేదా షాపిఫై ఖాతా, గేట్‌వే, అన్నీ అమ్మ పేరు మీద, ఇంట్లో అందరికీ తెలిసిన ఈమెయిల్ మీద, ఓటీపీ అమ్మ ఫోన్‌కి. నెలకోసారి కస్టమర్ల లిస్టు, చీరల లిస్టు డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, రెండు ప్లాట్‌ఫామ్‌లూ ఇస్తాయి. రేపు మారాలన్నా అదే మీ ఆస్తి. మారేటప్పుడు పాత లింకులన్నీ కొత్త లింకులకి మళ్ళించు, నేను 2021లో అది సగం చేసి వదిలేశాను, గూగుల్‌లో మొదటి పేజీలో ఉన్న గోంగూర పచ్చడి పేజీ ఎక్కడికి పోయిందో మళ్ళీ పైకి రావడానికి ఏడాది పట్టింది.

ఇంతకీ నీకు ఏది? మీ అమ్మ ఆ పది చీరల పరీక్షలో వూకామర్స్ హాయిగా వాడేసి, నువ్వు కూడా కనీసం రెండేళ్ళు ఆదివారాలు ఇస్తానంటే వూకామర్స్. లేదంటే షాపిఫై బేసిక్, నెలనెలా కట్టే పద్ధతిలో మూడు నెలలు, నచ్చితే ఏడాదికి. ఖరీదైన థీమ్ వద్దు, ఉచితంగా ఇచ్చేది చాలు, ఆ డబ్బు పెట్టి కిటికీ పక్కన తెల్ల గోడ, ఒక స్టాండు, పగటి వెలుతురులో ఫోటోలు చూసుకోండి.

లైవ్ చేసే ముందు ఒక రూపాయికి ఉత్తుత్తి చీర ఒకటి పెట్టు. అమ్మ ఫోన్ నుంచి కాదు, పిన్ని ఫోన్ నుంచి కొనమను. యూపీఐలో కట్టి, డబ్బు కట్ అవగానే బ్రౌజర్ మూసెయ్యమను, వెనక్కి రావద్దని చెప్పు. పది నిమిషాలాగి ఆర్డర్ల లిస్టు చూడు. అది డబ్బు అందినట్టు చూపించి, స్టాకు సున్నా అయి, అమ్మ ఫోన్‌కి మెసేజ్ వస్తే లింకు గ్రూపులో పెట్టేయ్. రాకపోతే ఆ గేట్‌వే సెట్టింగులు ఏం పెట్టావో ఇక్కడే రాయి, చూసి చెప్తాను.